పన్నెండో పేరు

మా వంటగట్టు మీద రాయి
చీమకుర్తి గెలాక్సీ.
చిక్కటి నలుపులో బంగారు నలుసులు.
వేయించిన రోజు మాల్యాద్రి గారే వచ్చి
అరచేత్తో నిమిరి చూసి
"మరక పడ్డా కనపడదు పీడీ గారూ" అన్నాడు.
మా హైమావతి
చింతపండు పిసికిన చెయ్యి కొంగుకి తుడుచుకుంటా నవ్వింది.

డబ్బు తీసుకోలేదు నేను.
ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నానో
ఆ రాయికి తెలుసు.

ఆయన అడిగింది మాత్రం ఎంతని?
పన్నెండు పేర్లున్న కాయితం,
అందులో ఆఖరి వరస.
"మావాడికి ర్యాంకు రాలా. ఆటల కోటాలో ఒక సీటుంది.
మీ పిల్లోళ్ళు సీటొచ్చినా ఎట్టాగూ చదవరు గదా!"
నిజమే గదా అనుకున్నా.
అట్టా అనుకోడానికి
ఒక కూత పట్టేంత సేపు కూడా పట్టలా.

ఏలియా పేరు మీద తెల్లసిరా పూసి
అది ఆరేదాకా ఊదా.
రోజూ విజిలూదే నోరే.
దానిమీద నిశ్చల్ అని రాశా, గుండ్రంగా.
ఆ మూడు రోజులూ నిశ్చల్ తిరపతిలో
వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళిలో ఉన్నాడు.

నిశ్చల్ చెడ్డోడయినా బాగుండేది.

దసరా సెలవులకి కొత్త బూట్లతో వచ్చాడు.
"సార్, కాలేజీ టీములో నా పేరేశారు.
కూత పెట్టడం నేర్పండి."
గ్రౌండు చివర కంపచెట్ల పక్కన నిలబెట్టా.
కబడ్డీ కబడ్డీ కబ
పదకొండు లెక్కపెట్టే లోపల ఊపిరైపోయింది.
మోకాలికంటిన దుమ్ముని
ఎవరిదో అన్నట్టు చూసుకుంటా కూలబడ్డాడు.

అప్పుడే ఏలియా వేబ్రిడ్జి డ్యూటీ దిగి వచ్చాడు.
రెప్పల మీద రాతిపొడి.
లారీలు తూకమేస్తాడు వాడు.
మాల్యాద్రి గారి లారీలే.

"అన్నా, అనంతపురం ఫైనలు ఎట్టా జరిగింది?
ఎవరన్నా అడిగితే..."
నిశ్చల్ అక్కడ ఆగాడు, నా వైపు చూసి.
ఏలియా ఆగలా.
ఆ సంగతి ఇన్నాళ్ళుగా
ఎవరడిగారు వాణ్ణి?

చెప్పులిడిచి కాలి వేలితో గీత గీశాడు.
"ఇదిగో, ఎడమ మూల.
కర్నూలోళ్ళు ఏడుగురూ నిండా ఉండారు.
మనం రెండు పాయింట్లు ఎనక.
రాత్రి వాన పడింది, మట్టి చల్లగా తగల్తా ఉంది కాళ్ళకి.
మూలనోడు మడమ పట్టాడు. ఉడుంపట్టు.
వాడి చేతికి కడియం.
ఈడ, చూడు" అని ప్యాంటు పైకెత్తాడు.
"అయినా ఈడ్చుకొచ్చా, ముగ్గుర్ని, గీత మీదికి.
సార్ ఎగిరి విజిలు మింగబోయాడు, అవునా సార్?"

అవును.

నిశ్చల్ ఫోనులో రాసుకుంటున్నాడు:
ఎడమ మూల. వాన. ముగ్గురు. కడియం.
మచ్చ కాడికొచ్చి
బొటనవేలు ఆగిపోయింది.

చీకటి పడింది.
"రా అన్నా, ఇంటికాడ దించుతా" అని కారు తిప్పుకొచ్చాడు.
ఆ లైట్ల వెలుగులో ఏలియా చెప్పులు వెతుక్కుంటా
మామూలుగానే అడిగాడు:
"సార్, నా సర్టిఫికెట్టు సంగతేమన్నా తెలిసిందా?
ఒంగోలు ఆఫీసులో కనుక్కుంటానన్నారు."

"వస్తుందిరా" అన్నా.
వస్తుంది వస్తుంది వస్తుంది వస్తుంది

అవతలి గీత దాటినోడు
మధ్యలో ఊపిరి తీస్తే అవుట్.